ఆరు వందల ముప్పై ఒక్క మంది

మా సంస్థలో శాస్త్రవేత్తల సెలవులు లెక్కపెట్టేది ఆఫీసు, విలువ లెక్కపెట్టేది లైబ్రరీ. లైబ్రరీ అంటే నేనే. పేరు అంబాదాస్ గుండేటి, ఊరు షోలాపూర్, ఇంటి పని నేత. మా నాన్న మగ్గం మీద పోగులు లెక్కపెట్టేవాడు. నేను పుణె వచ్చి ముప్పై రెండేళ్ళు పేర్లు లెక్కపెట్టాను. ఒకరు రాసిన పేపరును ఇంకొకరు తమ పేపరు చివర తలుచుకుంటే దాన్ని సైటేషన్ అంటారు. ఎంతమంది తలుచుకుంటే ఆ శాస్త్రవేత్త అంత పెద్దమనిషి. కంప్యూటర్లు రాకముందు ఆ లెక్కలు తలగడంత లావు పుస్తకాల్లో, ఆవగింజల్లాంటి అక్షరాల్లో వచ్చేవి. భూతద్దం పెట్టుకుని వరుస వరుసా వెతికేవాణ్ణి. కళ్ళు అప్పుడే పోయాయి. గర్వం మాత్రం చాలా ఆలస్యంగా పోయింది. దాన్ని పోగొట్టినావిడ గురించే ఈ కథ.

గర్వం ఎందుకుండదు చెప్పండి. ప్రతి జనవరిలోనూ ఎవరికెన్ని సైటేషన్లో నేను జాబితా కట్టి నోటీసు బోర్డుకు అంటించేవాణ్ణి. డిసెంబరు వచ్చిందంటే చాలు, ఏడాదంతా నన్ను పలకరించని పెద్దలు కూడా అటుకుల చివడా పొట్లాలు పట్టుకుని లైబ్రరీకి వచ్చేవారు. కొలంబో వాళ్ళ పేపరు లెక్కలోకి వచ్చిందా, ఇంకోసారి చూడండి అంబాదాస్, అని బతిమాలేవారు. నేను అద్దాలు తుడుచుకుంటూ చూద్దాం అనేవాణ్ణి. రిటైరయ్యే రోజున సభలో లేచి, ఆ మనిషి రాసిన పేపర్లెన్నో వాటికొచ్చిన సైటేషన్లెన్నో పైకి చదవడం కూడా నా పనే. శాలువా డైరెక్టరు కప్పినా, అందరూ చెవులు రిక్కించేది నా అంకె కోసమే.

దామ్లే బాయి మాత్రం ఒక్క డిసెంబరులోనూ రాలేదు. మృణాళినీ దామ్లే, మాలిక్యులర్ బయాలజిస్టు, రెండో అంతస్తు చివరి ల్యాబు. మిరజ్‌లో ఒక కాంపౌండరు కూతురు. పాత లూనా మోపెడ్ మీద వచ్చేవారు, చెవులకు రుమాలు కట్టుకుని. ల్యాబులో ఫ్రీజరు మీద ఆవిడ చేత్తో రాసిన కాగితం ఉండేది: ‘తలుపు తెరిచి ఆలోచించకండి. ఆలోచించి తలుపు తెరవండి.’ గడియారం కింద ఇంకోటి: ‘ఇది సరైన టైమే. ఆలస్యమైంది మీకు.’ పుణెలో పుట్టకపోయినా పుణెవాళ్ళ వెటకారపు నోరు ఎలా పట్టుబడిందో నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ముప్పై ఏళ్ళలో ఆవిడ రాసినవి పందొమ్మిది పేపర్లు. ఏడాదికి ఒకటి కూడా పడలేదు. పక్క ల్యాబుల్లో ఏడాదికి ఏడెనిమిది రాసేవాళ్ళున్నారు. అయితే ఆ పందొమ్మిదిలో ఒకటి మా సంస్థ మొత్తానికే కిరీటం. అది దానిమ్మ తెగులు మీద రాసింది. దానిమ్మకు తెల్యా అని ఒక జబ్బు వస్తుంది. ఆకు మీద నూనెచుక్క పడ్డట్టు మచ్చ లేస్తుంది, తర్వాత కాయ పగులుతుంది, తర్వాత తోట పోతుంది. అది బాక్టీరియా పని. మచ్చ లేవకముందే ఆ బాక్టీరియా అంటుమొక్కలో ఉందో లేదో చెప్పే పీసీఆర్ పరీక్షను బాయి 2003లో కనిపెట్టారు. పొద్దున ఆకు నలిపి పెడితే మధ్యాహ్నానికి జవాబు. తర్వాత అది నర్సరీలకు నియమంగా మారింది. పరీక్షలో ఉందని తేలితే ఆ మడి మొత్తం కాల్చెయ్యాలి. ఈ ఒక్క పేపరుకే ఆరు వందల ముప్పై ఒక్క సైటేషన్లు. మిగతా పద్దెనిమిదింటికీ కలిపి రెండు వందల తొమ్మిది.

బాయికి అన్నిటికంటే పై గ్రేడు ప్రమోషను రెండుసార్లు తప్పిపోయింది. 2017 మార్చి ఆఖరున బోర్డు కూర్చుంటుందని, సెప్టెంబరులో ఆవిడ రిటైరవుతారని అందరికీ తెలుసు. ఇదే చివరి అవకాశం. ఆవిడకి ఉన్నట్టు కనిపించని ఆత్రం నాకు పట్టుకుంది. ఈసారి దామ్లే బాయికి ప్రమోషను రాకపోతే నా పేరు మార్చుకుంటానని క్యాంటీన్‌లో అందరి ముందూ అనేశాను.

ఆ జనవరి రెండో వారంలో బాయి లైబ్రరీలో పుస్తకం తిరిగిస్తుండగా ఒక రైతు వచ్చాడు. తెల్ల టోపీ, దుమ్ముపట్టిన చెప్పులు. మోసుకొచ్చిన గంపను సరాసరి నా బల్ల మీద, కొత్తగా వచ్చిన జర్నళ్ళ మీద పెట్టాడు. గంప నిండా దానిమ్మకాయలు. తెల్యా టెస్టు బాయి ఎవరని అడిగాడు. నేనే అన్నారు బాయి.

“నేను ధోండిరామ్ ఖరాత్. సాంగోలా దిక్కు నర్సరీ ఉన్నది మాకు,” అన్నాడు. “పదకొండేండ్ల కింద మీ టెస్టు నా మొక్కల్ని ఖరాబన్నది. నాలుగు వేల అంట్లు. సర్కారు సార్లొచ్చి నిలబడి కాలబెట్టించిన్రు. మా ఆయి ఒక్కదాన్ని కొంగుల దాసుకపోయి గొడ్ల కొట్టం ఎనక నాటింది. గా చెట్టుయే ఈ కాయలు. పదకొండేండ్ల సంది కాస్తనే ఉన్నది. ఒక్క మచ్చ సూపెట్టుర్రి బాయీ.”

నాకు ఒళ్ళు మండింది. లైబ్రరీలోకి తిండి తేకూడదని, గంప తియ్యమని గట్టిగా అన్నాను. బాయి నా మాట వినిపించుకోలేదు. ఒక కాయ తీసి కిటికీ వెలుతురులో చుట్టూ తిప్పి చూశారు. తొడిమ దగ్గర గోటితో గీకారు. తర్వాత నా బల్ల అంచుకే కొట్టి పగలగొట్టారు. గింజలు కుంకుమ రంగులో ఉన్నాయి. నాలుగు నోట్లో వేసుకుని, చెట్టుకు ఇప్పుడు ఆకులున్నాయా అని అడిగారు. ఉన్నాయన్నాడు. ఎల్లుండి వస్తానన్నారు.

అతను వెళ్ళాక, ఎక్కడో ఒక్క చెట్టు బతికితే ఏమైందండీ, అని నేను సర్దిచెప్పబోయాను.

“నా పరీక్ష ఎప్పుడూ ఒక్క చెట్టు గురించే చెప్తుంది, అంబాదాస్. ఇది ఉంది, ఇది లేదు అని. ఆ ఒక్క చెట్టు దగ్గర తప్పు చెప్పిందంటే ఇంకెక్కడెక్కడ చెప్పిందో నాకెట్లా తెలుస్తుంది?”

సాంగోలా మా ఊరి దారిలోనే కాబట్టి నేనూ సెలవు పెట్టి ఎస్టీ బస్సెక్కాను. దారిలో ఆవిడ వాళ్ళ నాన్న సంగతి చెప్పారు. ఒకసారి ఆయన ఆస్పత్రిలో ఒకరి మందుసీసా ఇంకొకరికి ఇచ్చేశారట. సాయంత్రం సీసాలు సర్దుతుంటే తెలిసింది. ఎనిమిది మైళ్ళు సైకిలు తొక్కుకుంటూ పోయి, ఆ ఇంటి గడపలో నిలబడి, తప్పు నాది, సీసా ఇవ్వండి అని అడిగి తెచ్చుకున్నారట. వాళ్ళు ఇంకా మూత కూడా తియ్యలేదు. అయినా మర్నాడు పెద్ద డాక్టరుకు చెప్పి తిట్లు తిన్నారట. ఇందులో ఏముందో నాకు అప్పుడు పట్టలేదు. కిటికీలోంచి చెరకు లారీలు చూస్తూ కూర్చున్నాను.

చెట్టు నిజంగానే ఆరోగ్యంగా ఉంది. ధోండిరామ్ తల్లి, అందరూ ఆయి అనే ముసలావిడ, దాని కింద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. మాకు జొన్న భాకరీ, మిరపకాయల ఠేచా పెట్టింది. బాయి ఆకులు కోసి సంచుల్లో పెట్టి, ఒక్కో సంచి మీదా తేదీ, కొమ్మ ఏ దిక్కుదో రాసుకున్నారు.

పుణెలో పరీక్ష చేస్తే తెల్యా ఉందనే వచ్చింది. మూడుసార్లు చేసినా అదే జవాబు. అప్పుడు బాయి ఆ ఆకు మీది బాక్టీరియాను విడిగా పెంచి, మంచి మొక్కల ఆకులకు సూదితో గుచ్చి ఎక్కించారు. మూడు వారాలు ఎదురుచూశారు. ఒక్క నూనెమచ్చ లేవలేదు. ఆ బాక్టీరియా డీఎన్‌ఏ చదివించి చూస్తే అది తెల్యాది కాదు, దాని దాయాది. ఆకు మీద ఊరికే కాపురముంటుంది, ఎవరి జోలికీ పోదు. పరీక్ష ఇద్దరికీ తేడా చూడలేక దాన్నీ దొంగే అంటోంది.

ఎలా జరిగిందో ఆవిడే నాకు చూపించారు. పద్నాలుగేళ్ళ నాటి ల్యాబు నోటుపుస్తకం తీసి ఒక వరుస మీద వేలు పెట్టారు. ‘జబ్బు లేని మొక్కలు: నలభై. గాజు ఇంట్లోవి.’ పరీక్ష మంచి మొక్కను మంచిదే అంటుందా లేదా అని సరిచూడడానికి ఆవిడ ఆకులు తెచ్చింది మా సంస్థ వెనకున్న గాజు ఇంట్లోంచి. అక్కడి మొక్కలకు కాచి చల్లార్చిన నీళ్ళు పోస్తారు, దుమ్ము పడనివ్వరు. పొలంలో ఆకుల మీద తిరిగే దాయాది అక్కడికి ఎలా వస్తుంది? రైతెవడూ ఈ తప్పు చెయ్యడు. శుభ్రంగా ఉంటేనే నిజం తేలుతుందని నమ్మే ల్యాబు మనుషులమే చేస్తాం.

“పొలంలో ఆకు మీద ఎవరెవరుంటారో నేను అడగనేలేదు,” అన్నారు బాయి. అంతే అన్నారు. పుస్తకం మూసి, రబ్బరుబ్యాండు వేసి, పెట్టెలో పెట్టారు.

ఫిబ్రవరి ఆఖరున లైబ్రరీకి ఫోను చేసి, ఆ పేపరును తలుచుకున్నవాళ్ళందరి జాబితా కావాలన్నారు. నా ప్రాణం లేచి వచ్చింది. ఎంతైనా మనిషే కదా, బోర్డు దగ్గర పడేసరికి దారిలోకి వచ్చారు, ఆ తెల్యా గొడవ ప్రమోషను అయ్యాక చూసుకుంటారు అనుకున్నాను. నాలుగు రోజులు కూర్చున్నాను. నా జీవితంలో అంత అందమైన జాబితా చెయ్యలేదు. ఏ ఏడాది ఎన్నో నిట్టనిలువు గీతలు, ఏ దేశంలో ఎందరో రంగుల పటం. ఇరాన్ ఆకుపచ్చ, టర్కీ నీలం, మన దేశం కాషాయం. అట్ట వేసి బైండింగు కూడా చేయించి పట్టుకెళ్ళాను.

బాయి పేజీలు తిప్పి చూసి, రంగులు బాగున్నాయన్నారు. తర్వాత అడిగారు, “అడ్రసులేవీ?”

అడ్రసులెందుకన్నాను.

“వీళ్ళందరికీ ఉత్తరాలు రాయాలి. నా మాట నమ్మినవాళ్ళు వీళ్ళు.”

సిగ్గుపడ్డానని ఒప్పుకుంటున్నాను. ముప్పై రెండేళ్ళుగా నేను లెక్కపెట్టిన ప్రతి అంకె వెనకా ఒక మనిషి, ఒక ఊరు, ఒక బల్ల, ఒక మొక్క ఉన్నాయని నాకు ఎప్పుడూ తోచలేదు. నేను ఆస్తి అనుకున్నదాన్ని ఆవిడ వాళ్ళ నాన్న పొరపాటున ఇచ్చేసిన సీసాలాగా చూశారు. ఎక్కడెక్కడికి చేరిందో అక్కడికల్లా పోయి తిరిగి తెచ్చుకోవాలి.

డైరెక్టరు గద్రే సాహెబుకు సంగతి తెలిసి పిలిపించారు. జాబితా నాది కాబట్టి నన్నూ రమ్మన్నారు. ఆయన చెడ్డ మనిషేం కాదు. బోర్డు కూర్చునేది మార్చి ఇరవై ఎనిమిదిన, కాస్త ఆగండి, ఏప్రిల్ ఆఖరుకు రాద్దాం, ఈలోగా కొంపలేం మునగవు అన్నారు. సంస్థ మొత్తం సైటేషన్లలో ఆ ఒక్క పేపరు వాటా ఎంతో కూడా చెప్పారు. అది నేను కట్టిన లెక్కే. బాయి కుర్చీ అంచున కూర్చుని అంతా విన్నారు.

“ఏప్రిల్‌లోనే నర్సరీల నుంచి ఆకులు పరీక్షకు వస్తాయి సాహెబ్. వానలకు ముందు మొక్కలు అమ్ముకోవాలిగా. మార్చిలో నాకు ప్రమోషనొచ్చి ఏప్రిల్‌లో మంచి మొక్కలు కాలిపోతే, ఆ మంటకు సంతకం పెట్టింది ఎవరు?”

గద్రే సాహెబు పేపర్‌వెయిట్ తిప్పుతూ ఉండిపోయారు. నేను మాత్రం మనసులో ఆగండి బాయీ, ఒక్క నెల ఆగండి అనే అనుకుంటున్నాను. అదీ నా సంగతి.

మార్చి మూడున ఆవిడ జర్నలుకు రాసి పేపరును వెనక్కి తీసుకుంటున్నానన్నారు. అదే రోజు నర్సరీలకు నియమం పెట్టిన ఆఫీసుకూ రాశారు, ఆ పరీక్షను నమ్మి ఏదీ కాల్చవద్దని. అక్కడితో ఆగితే చాలునని అందరూ అన్నారు. ఆవిడ మర్నాటి నుంచి ఉత్తరాలు మొదలుపెట్టారు. ఒకే ఉత్తరం అందరికీ పంపెయ్యొచ్చు కదా అంటే ఒప్పుకోలేదు. ఒక్కొక్కరి పేపరూ ముందు చదవాలి, తన తప్పు అందులో ఎక్కడిదాకా పాకిందో చూడాలి, మీ రెండో పట్టిక పోయింది, మూడోది నిలబడుతుంది అని చెప్పాలి. రోజుకు పదమూడు చొప్పున ఏడు వారాలు. చదవాల్సిన పేపర్లు నేను వెతికి ఇచ్చేవాణ్ణి. ప్రతి ఉత్తరం మొదట్లోనూ రెండే వాక్యాలు మారకుండా ఉండేవి: ‘మా పేపరును మీరు నమ్మినందుకు కృతజ్ఞతలు. అది తప్పు.’

అలా చదువుతుంటే నా కిరీటం ఎలాంటిదో తెలిసింది. మూడు వందల పైచిలుకు మంది బాయి పేపరును చదివిన జాడే లేదు. ఒకరు రాశారని ఇంకొకరు రాసేశారు. పదకొండు మంది అందులో లేని మాట ఉందని చెప్పారు. ఒకాయన అది ద్రాక్ష మీద అనుకున్నాడు. నేను తల పట్టుకున్నాను. బాయి చాలాకాలం తర్వాత పకపకా నవ్వారు. చదవకుండా పొగిడినవాళ్ళకు కూడా చదివి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చిందే అన్నారు. ద్రాక్షాయనకూ ఉత్తరం వెళ్ళింది.

బోర్డు వాళ్ళు ఆవిడ ఫైలు మీద, ముఖ్యమైన కృషి ఉపసంహరించబడింది కాబట్టి సిఫార్సు చేయలేం, అని రాశారు. ఆ మర్నాడు క్యాంటీన్‌లోకి అడుగు పెట్టగానే, కొత్త పేరు ఏం పెట్టుకున్నావు అంబాదాస్, అని నలుగురూ ఒకేసారి అడిగారు. బాయి వాళ్ళ బల్ల దగ్గరే కూర్చుని అటుకుల పోహే తింటున్నారు. “పాత పేరుకే లెక్కలు తిన్నగా రావడం లేదు, కొత్తదెందుకు పాపం,” అన్నారు. అందరూ నవ్వారు. నేను మాత్రం ఆవిడ ప్లేటు వైపు చూశాను. నాకు ప్రమోషను తప్పితే నేను అంత ప్రశాంతంగా పోహే మీద నిమ్మకాయ పిండుకోగలనా అని ఆలోచించాను. పిండుకోలేను.

జవాబులు ఎనభై దాకా వచ్చాయి. కొందరు మెచ్చుకున్నారు. కొందరు కోప్పడ్డారు, మా మూడేళ్ళ పని పోయిందన్నారు. వాటినీ బాయి ఫైలులో పెట్టుకున్నారు, కోపాలు పైన, మెచ్చుకోళ్ళు కింద. ఎక్కువమంది అసలేమీ రాయలేదు.

జులైలో కర్ణాటకలోని ముధోళ్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినావిడ పేరు గిరిజా హొసమని. హైస్కూల్లో సైన్సు టీచరు. నా జాబితాలో ఆ పేరు లేదు. ఆమెకు ఒకప్పుడు పరిశోధన నేర్పిన గైడు పేరుంది. రిటైరై ఇంట్లో ఉన్న ఆ ముసలాయన బాయి ఉత్తరాన్ని ఒక్క మాట కలపకుండా ఈమెకు పంపించాడట. మీరు ఇప్పుడు చెప్పింది నాకు 2009లోనే కనిపించింది, నా నోటుపుస్తకం ఇంకా దాచుకున్నాను, చూస్తారా, అని రాసింది.

బాయి ఫోను చేసి రమ్మన్నారు. ఆదివారం పొద్దున బస్సు దిగి ల్యాబుకు వచ్చింది. బాయి నన్నూ ఉండమన్నారు. ముప్పై ఐదేళ్ళుంటాయి, చేతిసంచిలో జొన్న రొట్టెలు, కాగితం అట్ట వేసిన పుస్తకం. సరిహద్దు మనిషి కాబట్టి మరాఠీ బాగానే మాట్లాడింది. కుర్చీలో కూర్చోమన్నా కూర్చోలేదు, టీచరు వచ్చినప్పుడు పిల్లలు నిలబడ్డట్టు నిలబడే ఉంది. పొలాల నుంచి మంచి చెట్ల ఆకులు తెచ్చి పరీక్షిస్తే జబ్బుందని వచ్చిందట. ఆ బాక్టీరియా వేరేదని కూడా ఆమె కనిపెట్టింది. గైడుకు చూపిస్తే ఆయన ఆ పేజీ మీదే ఎర్రసిరాతో రాశాడు: ‘చేతులు శుభ్రంగా కడుక్కుని మళ్ళీ చెయ్యి.’ మళ్ళీ చేసింది. మళ్ళీ అదే. అలా పదకొండుసార్లు. పన్నెండోసారి చెయ్యలేక చదువు మానేసి వెళ్ళిపోయింది.

“మా సారు చెడ్డవారు కాదండీ,” అంది. “మీ పేపరు తీసి చూపించారు. అప్పటికే దాన్ని రెండు వందల మంది ఒప్పుకున్నారు. వాళ్ళందరూ అటు, నేనొక్కదాన్ని ఇటు. నా చేతులే మురికి అనుకున్నాను. ఇప్పటికీ పిల్లలకి ప్రాక్టికల్స్ చెప్పేటప్పుడు రెండుసార్లు కడుక్కుంటాను.”

ఆ రెండు వందల మందిని లెక్కపెట్టి నోటీసు బోర్డుకు అంటించింది నేను. నా గీతలు, నా రంగులు. ఆ రోజు ల్యాబులో ఒక మూల నిలబడి నా చేతులు చూసుకున్నాను.

బాయి పుస్తకం తెరిచి మొదటి పేజీ నుంచి చదివారు. తొందరపడలేదు. ఒక్కొక్క తేదీ, ఒక్కొక్క కొలత, అంటించిన ఒక్కొక్క ఫోటో. పదకొండోది అయ్యాక అద్దాలు తీసి, లేచి నిలబడ్డారు. ఆ సంస్థలో డైరెక్టరు వచ్చినా కూర్చునే మాట్లాడే మనిషి. తనకంటే పాతికేళ్ళు చిన్నదానికి రెండు చేతులూ జోడించారు.

“పదకొండుసార్లూ నువ్వు కరెక్టుగానే చేశావమ్మా.”

గిరిజ అప్పుడు కూర్చుంది. కూర్చుని ఏడ్చింది. పన్నెండో ప్రయత్నం అవసరం లేదని ఆమెకు ఎనిమిదేళ్ళ తర్వాత తెలిసింది. నేను టీ తెస్తానని బయటికి వచ్చేసి, మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. నా కళ్ళ వెంటా నీళ్ళు కారుతున్నాయి. దాచుకోవడానికేముంది.

తెల్యానూ దాని దాయాదినీ విడదీసే కొత్త పరీక్షకు దారి గిరిజ పుస్తకంలోనే ఉంది. ఇద్దరి డీఎన్‌ఏలోనూ ఎక్కడ తేడా ఉందో తొమ్మిదో ప్రయత్నంలో రాసిపెట్టుకుంది. గణపతి సెలవులు కలుపుకుని ఆమె మూడుసార్లు పుణె వచ్చింది. ఈసారి మంచి ఆకులు గాజు ఇంట్లోంచి కాదు, ఐదు తాలూకాల పొలాల నుంచి తెచ్చారు. పేపరు పూర్తయ్యాక బాయి గిరిజా హొసమని పేరు మొదట పెట్టి, తన పేరు చివర పెట్టారు. గద్రే సాహెబు, ఒక స్కూలు టీచరు పేరు మొదటుంటే జర్నలు వాళ్ళేమనుకుంటారో అని గొణిగారు. ముందు చూసినవాళ్ళ పేరు ముందుంటుంది అని బాయి అన్నారు. కృతజ్ఞతల్లో, ఒక మొక్కను దాచినందుకు సాంగోలాలోని ఆయికి అని ఒక వాక్యం ఉంది.

సెప్టెంబరు ఇరవై తొమ్మిదిన వీడ్కోలు సభ. ధోండిరామ్ గంపతో వచ్చాడు. ఈసారి లైబ్రరీలో పెట్టుకోమని నేనే చెప్పాను. అప్పుడు అతను ఒక సంగతి చెప్పాడు. ఫిబ్రవరి ఆఖరు ఆదివారం బాయి ఒక్కరే బస్సులో వాళ్ళింటికి వచ్చారట. ఇంకా ఎవరికీ ఉత్తరాలు రాయకముందు. మీ నాలుగు వేల మొక్కలూ మంచివే, నా తప్పు వల్ల కాలాయి అని ఆయి ముందు నిలబడి చెప్పారట.

“మా ఆయి ఏమన్నదో ఎరుకేనా? ఇగ కాలయి గదా అని అడిగింది. కాలవు అన్నది బాయి. గట్లయితే కూసొని తిను బిడ్డా అన్నది.”

సభలో నా వంతు వచ్చింది. మెత్తగా చదివెయ్యి, వివరాలొద్దు, అని గద్రే సాహెబు ముందే చెవిలో వేశారు. కాగితం పట్టుకుని లేచాను.

డాక్టర్ మృణాళినీ దామ్లే, అని మొదలుపెట్టాను. పేపర్లు ఇరవై. అందులో తానే వెనక్కి తీసుకున్నది ఒకటి. నిలబడ్డ సైటేషన్లు రెండు వందల తొమ్మిది. చదివిన పేపర్లు ఆరు వందల ముప్పై ఒకటి. రాసిన ఉత్తరాలు ఆరు వందల ముప్పై ఒకటి. సభలో ఎవరికీ చప్పట్లు కొట్టాలో వద్దో తెలియలేదు. అలాంటి లెక్క అక్కడ ముందెప్పుడూ ఎవరూ వినలేదు.

“అంబాదాస్,” అన్నారు బాయి వేదిక మీంచి. “ఇరవయ్యోది ఇంకా అచ్చు కాలేదు. పందొమ్మిదనే చదవండి.”

పందొమ్మిదని మళ్ళీ చదివాను. వెనక వరుసలోంచి మొదట గిరిజ చప్పట్లు కొట్టింది.

నేను కూడా రిటైరై నాలుగేళ్ళయింది. ఇరవయ్యోది అచ్చయింది. దానికి ఇప్పటిదాకా నలభై నాలుగు సైటేషన్లు. బాయి పుణెలోనే కోత్రూడ్‌లో ఉంటారు, చూపు మందగించింది, లూనా అమ్మలేదు. ఆ పాత పేపరు ఇంటర్నెట్‌లో తెరిస్తే ప్రతి పేజీ మీదా అడ్డంగా ఎర్రటి అక్షరాలుంటాయి, ఇది ఉపసంహరించబడింది అని. అయినా దాన్ని తలుచుకునేవాళ్ళు ఆగలేదు. తెరవకుండా తలుచుకునేవాళ్ళకు ఎర్ర అక్షరాలు ఎలా కనిపిస్తాయి? ప్రతి నెలా మొదటి సోమవారం నేను కంప్యూటరు ముందు కూర్చుని కొత్తవాళ్ళెవరో వెతుకుతాను. దొరికిన ప్రతివారి పేపరూ అర్థమైనంత మేరకు చదువుతాను. మా కోడలు నా ఇంగ్లీషు దిద్దుతుంది. ఇవాళ పొద్దున ఇండోర్‌లో ఒకావిడకు రాశాను. బాయి రాసినవి కూడా కలుపుకుంటే అది ఏడు వందల నాలుగోది.

మొదటి రెండు వాక్యాలు బాయివే ఉంచాను. ‘మా పేపరును మీరు నమ్మినందుకు కృతజ్ఞతలు. అది తప్పు.’ మా అనే హక్కు నాకు లేదు. మొదటి ఉత్తరం రాసినప్పుడు తీసుకెళ్ళి బాయికి చదివి వినిపించాను, ఆ మాట కొట్టెయ్యమంటారేమోనని ఆగాను. ఆవిడ కొట్టెయ్యమనలేదు.